ఇంట్లో పెద్దవారికి మతిమరుపు ముదురుతోందా? అల్జీమర్స్ విషయంలో ఏ పని ఎప్పుడు చేయాలి

అడిగిన ప్రశ్ననే పది నిమిషాల్లో మూడోసారి అడిగితే మనకు ముందు వచ్చేది విసుగు. తర్వాత "వయసైపోతోంది కదా" అని సర్దుకుంటాం. భయం చాలా ఆలస్యంగా వస్తుంది. మా నాన్నగారి విషయంలో ఇదే వరసలో జరిగింది. విసుగుకీ భయానికీ మధ్య దాదాపు రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్లలో ఎన్ని పనులు చేసి ఉండొచ్చో తర్వాత తెలిసింది. మీ ఇంట్లో ఆ ఆలస్యం జరగకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇక్కడ చెప్పే మందుల పేర్లు మీరు డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఉపయోగపడటానికే, సొంతంగా కొని వాడటానికి కాదు.

ముందుగా, ఆ మరపు ఏ రకమో గమనించండి

తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, కళ్ళజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం, గదిలోకి వెళ్లి ఎందుకొచ్చామా అని ఒక్క క్షణం నిలబడటం వయసుతో అందరికీ వచ్చేవే. కాసేపటికి అదే గుర్తొస్తుంది. ఎవరైనా చిన్న ఆధారం అందించినా గుర్తొస్తుంది. అల్జీమర్స్ మరపు ఇలా ఉండదు. పొద్దున ఇంటికి చుట్టాలొచ్చి వెళ్లారని మీరు ఎన్ని గుర్తులు చెప్పినా "ఎవరూ రాలేదే" అంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. ఆ సంగతి వాళ్ల మెదడులో అసలు నిలవలేదు.

యాభై ఏళ్ల నాటి సంగతులు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. మనం మోసపోయేది ఇక్కడే. "చిన్ననాటివన్నీ ఇంత చక్కగా చెబుతున్న మనిషికి జ్ఞాపకశక్తి తగ్గడమేంటి" అనుకుంటాం. పాతవి గట్టిగా ఉండి కొత్తవి నిలవకపోవడమే ఈ జబ్బు తొలి రోజుల్లో ఎక్కువగా కనబడే గుర్తు.

మరపుతో పాటు వేరే మార్పులూ ఉంటాయి. చేతికి అలవాటైన పనిలో తడబడతారు. లెక్కల్లో తేడాలొస్తాయి. రోజూ నడిచే దారిలోనే దారి తప్పుతారు. వస్తువు పేరు దొరక్క "అదే, ఆ తలుపు తెరిచేది" అని తిప్పి చెబుతారు. డబ్బును ఎక్కడో దాచి ఎవరో తీశారని అనుమానిస్తారు. నలుగురున్న చోటికి రావడం మానేస్తారు. వీటిలో ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టే కంటే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఏడాది కిందట సొంతంగా చేసుకున్న పనుల్లో ఇప్పుడు చేసుకోలేనివి ఉన్నాయా? ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోతే ఆగకండి

అల్జీమర్స్ నెలలు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు ఎక్కడున్నారో తెలియని అయోమయంలో పడినా, లేనివి ఉన్నట్టు చూస్తున్నా, మగతగా ఉన్నా అది వేరే సమస్య. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, పక్షవాతం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పెద్దవాళ్లలో జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అల్జీమర్స్ ఉందని ఇప్పటికే తేలిన మనిషి విషయంలోనూ ఇంతే. హఠాత్తుగా దిగజారితే "జబ్బు ముదిరింది" అని వదిలేయకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక నోటుబుక్ పెట్టండి

రెండు మూడు వారాలు చాలు. తేదీ వేసి, జరిగింది జరిగినట్టు రాయండి. "బాగా మర్చిపోతున్నారు" అని రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. "మంగళవారం, సంతకం ఎక్కడ పెట్టాలో మూడుసార్లు అడిగారు. బుధవారం స్నానం చేసిన గంటకే మళ్లీ స్నానానికి బయలుదేరారు" అని రాస్తే తెలుస్తుంది. మొదటి మార్పు సుమారు ఎప్పుడు కనబడిందో, అప్పటి నుంచి మెల్లగా తగ్గుతూ వచ్చిందో, మెట్లు దిగినట్టు ఒక్కసారిగా తగ్గుతూ ఆగుతూ వచ్చిందో కూడా రాయండి. డాక్టర్లు ఈ తేడాకు చాలా విలువ ఇస్తారు.

నోటుబుక్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు నాన్నగారు డాక్టర్ ఎదుట నిటారుగా కూర్చుని, నవ్వుతూ, అడిగినవాటికి గడగడా జవాబులు చెప్పారు. "బాగానే ఉన్నారు, వయసు మరపే" అని పంపేశారు. కొత్త చోట, కొత్త మనిషి ముందు చాలామంది కాసేపు అలా నిలదొక్కుకోగలరు. రెండోసారి నోటుబుక్ తీసుకెళ్లాకే పరీక్షలు మొదలయ్యాయి.

వాడుతున్న మందులన్నీ కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. నిద్రమాత్రలు, జలుబు, ఎలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేని సమస్యకు వాడేవి, ఇవేవీ వదలొద్దు. వీటిలో కొన్ని మతిమరుపును తెస్తాయి, ఉన్నదాన్ని పెంచుతాయి. ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా, తలకు దెబ్బ తగిలిందా, చెవులు సరిగ్గా వినబడుతున్నాయా, రాత్రి గట్టిగా గురకపెట్టి ఊపిరి ఆగినట్టు అవుతోందా, దిగులుగా ఉంటున్నారా, ఇవన్నీ అడుగుతారు.

"నాకేం జబ్బు లేదు, రాను" అంటే వాదించకండి. వాళ్లకు లోపల భయం ఉంటుంది, లేదా జబ్బు వల్లే తమలో మార్పు తమకు తెలియదు. "మందులన్నీ ఒకసారి చూపించుకుని చాలాకాలమైంది, వెళ్లొద్దాం" అనండి. అది నిజం కూడా.

పరీక్షలు ఎందుకు చేస్తారో తెలుసుకుని వెళ్లండి

మీకు తెలిసిన ఫిజీషియన్‌తో మొదలుపెట్టొచ్చు. తర్వాత న్యూరాలజిస్ట్ గానీ సైకియాట్రిస్ట్ గానీ వృద్ధుల వైద్య నిపుణులు గానీ చూస్తారు. ఒక్క స్కాన్ తీసి "ఇది అల్జీమర్స్" అని చెప్పేయడం కుదరదు. మొదట జరిగేది నయం చేయగల కారణాలేవైనా ఉన్నాయేమోనని వెతకడం. ఈ మెట్టు దాటవేయనివ్వకండి.

రక్తపరీక్షల్లో బి12, థైరాయిడ్, సోడియం, కాల్షియం, షుగర్, కిడ్నీ, లివర్ చూస్తారు. బి12 బాగా తగ్గినా థైరాయిడ్ మందగించినా మతిమరుపు రావచ్చు. వాటికి చికిత్స ఉంది. డిప్రెషన్‌లో ఉన్న పెద్దవాళ్లు అచ్చం డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినడం) వచ్చినవాళ్లలాగే కనబడతారు. మెదడు స్కాన్ కూడా చాలామటుకు ఇందుకే. వారాల కిందట తలకు తగిలిన చిన్న దెబ్బకు లోపల రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతుండొచ్చు. కణితి ఉండొచ్చు. మెదడులో నీరు చేరి ఉండొచ్చు. నడకలో పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఉండటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిసి కనబడితే డాక్టర్‌తో తప్పకుండా చెప్పండి. నీరు చేరడం వల్ల వచ్చిన సమస్యయితే ఆపరేషన్‌తో మెరుగుపడే అవకాశం ఉంటుంది.

తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష. 30 మార్కులకు చేసేది ఎక్కువగా వాడతారు. ఈరోజు తేదీ, కొన్ని మాటలు చెప్పి కాసేపటికి మళ్లీ అడగడం, గడియారం బొమ్మ గీయించడం లాంటివి ఉంటాయి. పక్కన కూర్చుని జవాబులు అందించకండి. మా అమ్మ జాలితో అదే చేయబోయింది. చదువు తక్కువైనవాళ్లకు మార్కులు తక్కువ రావచ్చు, బాగా చదువుకున్నవాళ్లు జబ్బున్నా ఎక్కువ తెచ్చుకోవచ్చు. అందుకే మార్కు ఒక్కదాన్నీ పట్టుకుని కంగారు పడొద్దు.

ఎమ్మారైలో హిప్పోకాంపస్ అనే భాగం కుంచించుకుపోయిందా అని చూస్తారు. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే అది పనిచేయాలి. అనుమానం ఇంకా తీరకపోతే మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందేమో చూపించే పెట్ స్కాన్, వెన్నునీటి పరీక్ష ఉన్నాయి. పీ-టావ్ 217 అనే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్షలు కూడా వచ్చాయి. అలాంటి ఒకదానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మేలో అనుమతి ఇచ్చింది. అయితే అది లక్షణాలు ఉన్న 55 ఏళ్లు దాటినవారికే. ఏ ఇబ్బందీ లేని మనిషి ఊరికే చేయించుకుని టెన్షన్ పడాల్సిన పరీక్ష కాదు.

అన్నీ అయ్యాక డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రకం డిమెన్షియా? ఎంత నమ్మకంగా చెబుతున్నారు? ఏ దశలో ఉంది? డిమెన్షియా అన్నది లక్షణాల గుంపు పేరు. దానికి కారణమయ్యే జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది అల్జీమర్స్. డిమెన్షియా ఉన్నవాళ్లలో 60 నుంచి 70 శాతం మందిలో ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తనాళాల వల్ల వచ్చేది, లూయీ బాడీలనే ప్రొటీన్ ముద్దల వల్ల వచ్చే రకం, ప్రవర్తనను ముందు మార్చేసే ఫ్రాంటోటెంపోరల్ రకం వేరు. రెండు కలిసి కూడా ఉండొచ్చు. రకాన్ని బట్టి కొన్ని మందులు పనికిరావు, కొన్ని ప్రమాదం. "ఇంకా డిమెన్షియా కాదు, మామూలు కంటే మరపు కొంచెం ఎక్కువ ఉంది" అని చెబితే ఆ దశలో ఉన్నవాళ్లందరికీ జబ్బు ముదరదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూపించుకోవాలి.

ఎందుకొచ్చింది అన్న ప్రశ్నతో ఒకరినొకరు నిందించుకోకండి

"రిటైరయ్యాక ఖాళీగా కూర్చోబెట్టారు", "అమ్మ పోయిన దిగులుతో వచ్చింది", ఇలాంటి మాటలు ప్రతి ఇంట్లోనూ వినబడతాయి. లోపల జరిగేది తెలిస్తే ఈ నిందలు తగ్గుతాయి.

1906లో జర్మనీకి చెందిన డాక్టర్ అలాయిస్ అల్జీమర్ తాను చూసిన ఒక రోగి మెదడును, ఆమె చనిపోయాక మైక్రోస్కోప్ కింద పరీక్షించారు. ఆమె 51వ ఏట, 1901లో ఆసుపత్రిలో చేరారు. ఆయనకు రెండు మార్పులు కనబడ్డాయి. కణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ దారాల్లాంటి పోగులు. గడ్డల్లో ఉండేది అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్, పోగుల్లో ఉండేది టావ్ అనే ప్రొటీన్ అని తర్వాత తేలింది. ఇవి పేరుకునే కొద్దీ నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక, చివరికి చనిపోతాయి. ఈ పేరుకోవడం మరపు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. అంటే కిందటేడు ఎవరో అన్న మాట వల్లో, చేసిన పని వల్లో ఈ జబ్బు వచ్చి ఉండదు.

"మాకూ వస్తుందా" అన్నది పిల్లలకు పైకి అడగలేని భయం. తప్పకుండా వచ్చేలా చేసే జన్యులోపాలు మూడు జన్యువుల్లో గుర్తించారు. అవి చాలా తక్కువ కుటుంబాల్లోనే ఉంటాయి, అక్కడ జబ్బు సాధారణంగా 65 ఏళ్ల లోపే మొదలవుతుంది. మిగతావాళ్లలో ఏపీఓఈ-4 అనే జన్యు రకం ఉంటే అవకాశం పెరుగుతుంది, ఖాయం కాదు. అది ఉన్నా జబ్బు రానివాళ్లున్నారు, లేకుండా వచ్చినవాళ్లున్నారు.

మన చేతుల్లో ఉన్నదీ తక్కువేం కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో, మార్చుకోగల 14 కారణాలను పూర్తిగా సరిదిద్దగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, డిప్రెషన్, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, తక్కువ చదువు, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం. వీటిలో మనం అసలు పట్టించుకోనిది వినికిడి. చెవి మిషన్ పెట్టుకోవడం నామోషీ అనుకుని నలుగురితో మాటలు మానుకుంటారు. మీకే నలభై, యాభై ఏళ్లుంటే బీపీ చూపించుకోవడం, వినికిడి పరీక్ష చేయించుకోవడం వాయిదా వేయకండి.

మందుల నుంచి ఏం ఆశించాలో తెలుసుకోండి

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. అందుకని మందులు దండగ అనుకోకూడదు.

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ ఒక జట్టు. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా ఇవి చూస్తాయి. డోనెపెజిల్ సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పడితే కొన్ని వారాలకు 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం, గుండె వేగం తగ్గడం, రాత్రి చెడ్డ కలలు రావచ్చు. కళ్ళు తిరిగి పడితే వెంటనే చెప్పండి. కలలు ఎక్కువైతే మందును పొద్దుటి పూటకు మార్చొచ్చా అని అడగండి. మాత్ర కడుపులో పడనివాళ్లకు రివాస్టిగ్మిన్ ప్యాచ్ రూపంలో ఉంది. కొత్తది అంటించే ముందు పాతది తీయడం మర్చిపోవద్దు. రెండూ ఉంటే మోతాదు ఎక్కువైపోతుంది. జబ్బు మధ్య దశకు వచ్చాక మెమాంటిన్ ఇస్తారు, కొన్నిసార్లు డోనెపెజిల్‌తో కలిపి.

ఇవి పోయిన జ్ఞాపకాలను తీసుకురావు. కొందరిలో కొంతకాలం ఉన్న స్థాయి నిలుస్తుంది. "మూడు నెలలు వాడినా ఏ మార్పూ లేదు" అని మానేయకండి. ఈ జబ్బులో మార్పు లేకపోవడం కూడా లాభమే.

కొత్తగా వచ్చినవి లెకనెమాబ్, డొనానెమాబ్. అమెరికాలో మొదటిదానికి 2023లో, రెండోదానికి 2024లో పూర్తి అనుమతి వచ్చింది. ఇవి అమిలాయిడ్‌ను మెదడు నుంచి తొలగిస్తాయి. సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. తొలిదశలో ఉండి, అమిలాయిడ్ ఉందని పరీక్షల్లో తేలినవారికే పనికొస్తాయి. 18 నెలల పరిశోధనలో లెకనెమాబ్ జబ్బు దిగజారే వేగాన్ని 27 శాతం తగ్గించింది. ఆపలేదు, తగ్గించింది. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎమ్మారైలు తప్పవు. ఏపీఓఈ-4 రెండు కాపీలున్నవాళ్లకు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఆ లాభం ఆ ప్రమాదానికి తగినదేనా అన్నది డాక్టర్‌తో కూర్చుని, జబ్బున్న మనిషిని కూడా కూర్చోబెట్టుకుని తేల్చుకోవాలి.

జ్ఞాపకశక్తిని పెంచుతామని అమ్మే మాత్రలకు డబ్బు పోయకండి. వాటిలో బాగా పేరున్న గింకో మీద 3,000 మందికి పైగా పెద్దవాళ్లతో జరిగిన పరిశోధన 2008లో వెలువడింది. డిమెన్షియాను అది ఆపలేదని తేలింది.

ఇంట్లో మాట తీరు మార్చుకోండి

మందుల కంటే మా ఇంట్లో ఎక్కువ తేడా తెచ్చింది ఇదే.

"నేనెవరో చెప్పు చూద్దాం" అని అడగడం మానేయండి. వచ్చిన చుట్టాలను కూడా అడగనివ్వకండి. చెప్పలేకపోయిన ప్రతిసారీ వాళ్ల ముఖం చిన్నబోతుంది. ఎదురుగా వెళ్లి, కళ్ళలోకి చూసి "నాన్నా, నేను మీ పెద్దమ్మాయిని" అని మీరే చెప్పండి. ఒకసారికి ఒకే మాట, ఒకే పని. "లేచి స్నానం చేసి బట్టలు మార్చుకోండి" అంటే మూడు పనులు. ముందు "లేవండి" అనండి. జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగండి.

చనిపోయిన మనిషి గురించి "ఇంకా రాలేదేం" అని అడుగుతారు. ప్రతిసారీ "చనిపోయింది కదా" అంటే ప్రతిసారీ ఆ వార్త కొత్తగా విన్నట్టే ఏడుస్తారు. "అమ్మ గుర్తొస్తోందా? తనతో ఎక్కడికి వెళ్లేవారు?" అని మాట మళ్లించండి. దొంగతనం అంటగట్టినా వాదించకండి. "కనబడటం లేదా, పదండి, ఇద్దరం వెతుకుదాం" అనండి. ఆ నింద జబ్బు వేసింది, మనిషి కాదు.

సాయంత్రమయ్యేసరికి చాలామందికి అశాంతి పెరుగుతుంది. "మా ఇంటికి వెళ్లాలి" అని బయలుదేరతారు, తాము ఉన్నది సొంతింట్లోనే అయినా. చీకటి పడకముందే లైట్లు వేయండి, టీవీ గోల తగ్గించండి, పగలు ఎండలో నడిపించండి, మధ్యాహ్నం నిద్ర కాస్త తగ్గించండి. కోపం, కేకలు ఉన్నట్టుండి పెరిగితే ముందు ఒంట్లో కారణం వెతకండి. నొప్పి ఉందా, విరేచనం అయిందా, మూత్రంలో మంటా, ఆకలా, చెవి మిషన్ బ్యాటరీ అయిపోయిందా? వాళ్లు చెప్పలేరు, మనమే కనిపెట్టాలి. శాంతపరిచే మందులు చివరి దారి. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో యాంటీసైకోటిక్ అనే ఈ రకం మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయి, లూయీ బాడీ రకంలో మరీ ప్రమాదం. రాస్తే ఎంతకాలానికి, ఎప్పుడు ఆపుతారు అని అప్పుడే అడగండి.

ఇంట్లో గ్యాస్, మందుల డబ్బా, పదునైన వస్తువులు వాళ్ల చేతికందకుండా చూడండి. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, జారని చాప, రాత్రి చిన్న లైటు పెట్టండి. జేబులోనో చేతికో మీ ఫోన్ నంబరు ఉండాలి. ఈమధ్య తీసిన ఫొటో మీ ఫోన్‌లో ఉంచండి. తప్పిపోతే వెతకడానికి మొదట కావాల్సింది అదే. డ్రైవింగ్ విషయం డాక్టర్ చేత చెప్పించండి, మీరు చెబితే గొడవవుతుంది.

నిర్ణయాలు వాళ్లు చెప్పగలిగినప్పుడే అడగండి

తొలిదశలో జబ్బు పేరు వాళ్లకు చెప్పాలా అని చాలా ఇళ్లలో తర్జనభర్జన పడతారు. చెప్పాలనే నా అభిప్రాయం, మెల్లగా, వాళ్లు అడిగినంతవరకు. డబ్బు వ్యవహారాలు ఎవరు చూడాలి, వీలునామా, వైద్యం గురించి తమ తరఫున ఎవరు మాట్లాడాలి, చివరి రోజుల్లో గొట్టాలు, మిషన్లు కావాలా వద్దా, ఇవన్నీ వాళ్ల నోటితో చెప్పే అవకాశం ఆ కొద్దికాలమే ఉంటుంది. లాయర్‌తో కాగితాలు అప్పుడే రాయించండి. మేం ఆలస్యం చేశాం. కాగితాల ఇబ్బంది ఎలాగో గట్టెక్కాం గానీ, నాన్నగారికి ఏం కావాలో ఆయన్నే అడగలేకపోయిన బాధ ఇప్పటికీ ఉంది.

జబ్బు ముదిరాక మింగడం కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తనివి, కొంచెం కొంచెంగా పెట్టండి. పొలమారడం ఎక్కువైతే డాక్టర్‌కు చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి.

చూసుకునేవాళ్లకు ఇప్పుడే ఒక తోడును ఏర్పాటు చేసుకోండి

ఇది ఏళ్ల తరబడి సాగే పని. ఇంట్లో ఒక్కరి మీదే పడుతుంది, ఎక్కువగా భార్య మీదో, కూతురు మీదో, కోడలి మీదో. ఆ ఒక్కరికి నిద్ర లేకపోతే బీపీ పెరుగుతుంది, విసుగొస్తుంది, విసుక్కున్నందుకు రాత్రంతా ఏడుపొస్తుంది. ఆ మనిషి మీరే అయితే మీ చెకప్‌లు మానకండి, మీరూ నిద్ర పట్టక బాధపడుతున్నారని డాక్టర్‌తో చెప్పండి. తోబుట్టువులను "కాస్త సాయం చేయండి" అని అడిగితే ఫోన్‌లో సలహాలొస్తాయి. "ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నువ్వొచ్చి నాన్న దగ్గర కూర్చో, నేను బయటికి వెళ్లాలి" అని రోజు, గంట చెప్పి అడగండి. వచ్చాక ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చి, నిజంగానే బయటికి వెళ్లండి.